ఎర్రబుర్ర కాక్టస్ - దాని పుట్టిల్లు, పెంపకం, నేను చేసిన తప్పు



పోయిన నెల మన గోడపత్రికలో అడవి దుంపల గురించి చాలా బాగా రాశారు. ఈ నెల సైన్సు మూల నా వంతు వచ్చింది. దేని గురించి రాయాలా అని నాలుగు రోజులు ఆలోచించాను. చివరికి మా డార్మిటరీ కిటికీలో ఉన్న ఎర్రబుర్ర మొక్క గురించే రాద్దామని నిర్ణయించుకున్నాను. దాన్ని మీరందరూ చూశారు. ముట్టుకున్నారు కూడా. కొందరు ప్లాస్టిక్‌దా అని గోరుతో గిచ్చి చూశారు, ఆ గోటి గుర్తులు ఇంకా ఉన్నాయి. వ్యాసం కాస్త పెద్దదై మూడు చార్టులు పట్టింది. బొమ్మలు మా గదిలో ఉండే తొమ్మిదో తరగతి తమ్ముడు వేశాడు.

ఈ మొక్క నా దగ్గరికి ఎలా వచ్చిందంటే, మా మేనమామ కడియపులంకలో ఒక నర్సరీలో పనిచేస్తాడు. కడియం పక్కన గోదావరి లంక నేలల్లో వందల నర్సరీలు ఉన్నాయని మీకు తెలిసిందే. వేసవి సెలవుల్లో వెళ్ళినప్పుడు "ఇది తీసుకెళ్ళరా, నీళ్ళు పొయ్యకపోయినా బతుకుద్ది" అని ఒక చిన్న కుండీ చేతిలో పెట్టాడు. కింద జానెడు లోపు ఆకుపచ్చ కాండం, మూడు అంచులు. దాని నెత్తిన నిమ్మకాయంత ఎర్రటి ముళ్ళ బంతి. నేను అదంతా ఒకటే మొక్క అనుకున్నాను. మా సైన్సు మాస్టారు చూసి నవ్వి, "ఇది ఒకటి కాదురా, రెండు మొక్కలు. కింద ఉన్నవాడు వండుతున్నాడు, పైన ఉన్నవాడు తింటున్నాడు" అన్నారు. అక్కడ మొదలైంది నా చదువు.

పైన ఉన్న ఎర్ర బంతి పేరు జిమ్నోకాలిసియం మిహనోవిచి. నోరు తిరగదు, నాకు వారం పట్టింది. జిమ్నోస్ అంటే గ్రీకు భాషలో దిగంబరం, కాలిక్స్ అంటే రక్షకపత్రావళి. చాలా కాక్టస్‌ల మొగ్గలకు బయట నూగో ముళ్ళో ఉంటాయి. ఈ జాతి మొగ్గ మాత్రం నున్నగా, ఏమీ కప్పుకోకుండా పొలుసులతో బయటికి వస్తుంది. అందుకని ఆ పేరు పెట్టారు. ఇంగ్లీషు వాళ్ళు దీన్ని గడ్డం కాక్టస్ అంటారు. గడ్డం అంటే వెంట్రుకలు కాదు, చుబుకం. ఒక్కో ముళ్ళ గుత్తి కింద చిన్న ఉబ్బు ఉంటుంది, అది చుబుకంలా కనబడుతుందన్నమాట.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనం ముళ్ళున్న ప్రతిదాన్నీ జెముడు అనేస్తాం. కాని చేల గట్ల మీద గిల్లితే పాలు కారే జెముడు వేరే కుటుంబం, అది కాక్టస్ కాదు. నాగజెముడు మాత్రం నిజమైన కాక్టస్, దాని పుట్టిల్లు అమెరికా ఖండం, మన దేశానికి మనుషులు తెచ్చిందే. గుర్తుపట్టడం ఎలాగంటే కాక్టస్‌లో ముళ్ళు ఊరికే చర్మం మీంచి రావు. చిన్న దూదిమెత్త లాంటి చుక్క ఉంటుంది, ముళ్ళూ పూలూ పిలకలూ అన్నీ ఆ చుక్కలోంచే వస్తాయి. ఆ మెత్త ఉంటే కాక్టస్, లేకపోతే కాదు. రేపు ఆటల పీరియడ్‌లో గ్రౌండు వెనక కంచె దగ్గరికి వెళ్ళి చూడండి.

దీని స్వస్థలం దక్షిణ అమెరికా ఖండంలోని పరాగ్వే దేశం. మన సోషల్ మ్యాపులో బ్రెజిల్‌కీ అర్జెంటీనాకీ బొలీవియాకీ మధ్య ఇరుక్కుని సముద్రం లేకుండా ఉంటుంది. పరాగ్వే నదికి పడమర పక్క ఉన్న ప్రాంతాన్ని చాకో అంటారు. దేశంలో సగానికి పైగా నేల అదే, కాని జనం చాలా కొద్దిమంది. వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడ వేసవి అంటే డిసెంబరు, జనవరి. మనం ముసుగు తన్ని పడుకునే రోజుల్లో వాళ్ళకి చెమటలు పడతాయి. వానలు కూడా ఆ వేసవిలోనే పడతాయి, చలికాలం ఎండిపోతుంది. నేల పల్లంగా ఉంటుంది కాబట్టి వాన వస్తే నీళ్ళు నిలుస్తాయి, పోతే పగుళ్ళు. అడవి అంతా ముళ్ళ పొదలు. కెబ్రాచో అనే చెట్టు ఉంటుంది, ఆ పేరుకు అర్థం గొడ్డలిని విరిచేది అని. దాని చెక్కలోంచి తోళ్ళు ఊనే రసం తీస్తారు.

మన మొక్క అసలు రూపం ఆ పొదల కింద ఉంటుంది. ఎర్రగా ఉండదు. మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల వెడల్పు, నొక్కిన లడ్డూలాగ చదునుగా, బూడిద కలిసిన ఆకుపచ్చ లేదా ఊదాగోధుమ రంగు. ఎనిమిది అంచులు, వాటి మీద అడ్డంగా లేత చారలు. ఎండిన ఆకుల మధ్య ఉంటే కాలు పడేదాకా తెలియదట. పువ్వు మాత్రం మొక్క కంటే పెద్దదిగా కూడా వస్తుంది, నాలుగైదు సెంటీమీటర్లు, పసుపు కలిసిన ఆకుపచ్చ గానీ లేత గులాబీ గానీ. కాక్టస్ అంటే నిప్పులాంటి ఎండ కావాలని మనం అనుకుంటాం కదా. ఇది నీడ మొక్క! పైన పొద లేకపోతే మాడిపోతుంది. నేను మొదటి వారం దీన్ని వంటశాల రేకుల మీద పెట్టాను, ఎడారి మొక్క కదా అని. ఒక పక్క తెల్లగా కాలిన మచ్చ అలా వచ్చిందే.

దీన్ని బయటి ప్రపంచానికి చూపించిన మనిషి పేరు ఆల్బెర్టో వోయ్‌టెక్ ఫ్రిచ్. ఈయన సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ వ్యాసంలో నాకు అన్నింటికన్నా నచ్చింది ఇదే.

ఫ్రిచ్ 1882లో ప్రాగ్ నగరంలో పుట్టాడు. ఇప్పుడు అది చెక్ దేశ రాజధాని. స్కూల్లో చదువుకునే రోజుల్లోనే కాక్టస్‌ల పిచ్చి పట్టింది, ఎంతో పేరున్న తోట పెంచాడు. 1899లో విపరీతమైన మంచు పడి మొక్కలు దాదాపు అన్నీ గడ్డకట్టి చచ్చాయి. ఇంకొకడైతే ఏడ్చి ఊరుకునేవాడు. ఈయన 1901లో, ఇంకా ఇరవై ఏళ్ళు నిండకముందే, అవి పుట్టేచోటికే పోతానని బ్రెజిల్‌కు ఓడ ఎక్కాడు. రెండోసారి 1903లో వెళ్ళినప్పుడు చాకో ప్రాంతంలో తిరిగాడు. మన చిన్న కాక్టస్ అప్పుడు దొరికింది. 1905లో జర్మనీలో గుర్కే అనే శాస్త్రవేత్త దాన్ని అచ్చులో వర్ణించాడు. మిహనోవిచ్ అనేది అర్జెంటీనా నదుల మీద స్టీమర్లు నడిపిన కంపెనీ యజమాని పేరు, ఫ్రిచ్ ప్రయాణాలకు సాయం చేశాడని ఆయన పేరు పెట్టారు. 1922లో బ్రిట్టన్, రోజ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు దాన్ని ఇప్పుడున్న జాతిలోకి మార్చారు. ఆ మొక్కను తరతరాలుగా చూస్తున్న అడవి మనుషులు దాన్ని ఏమని పిలిచేవారో ఆ శాస్త్రనామంలో లేదు. నాకు ఇది గుచ్చుకుంది. మన కొండమీద మొక్కలకు కూడా ఇలాగే ఎవరెవరి పేర్లో ఉన్నాయి.

కాని ఫ్రిచ్ మొక్కలు మాత్రమే చూసి వచ్చేసిన మనిషి కాదు. పరాగ్వే నది పైభాగంలో చమకోకో అనే గిరిజనులు ఉన్నారు. తమను తాము ఇషిర్ అని చెప్పుకుంటారు. వాళ్ళతో కలిసి ఉన్నాడు, వాళ్ళ మాటలు రాసుకున్నాడు. ఆ రోజుల్లో ఆ గూడేలలో ఒక జబ్బు ఉండేది. మనుషులు పాలిపోయి, నీరసించి, పనిచెయ్యలేక చచ్చిపోయేవారు. ఎందుకో ఎవరికీ తెలియదు. 1908లో ఫ్రిచ్ యూరప్‌కు తిరిగి వస్తూ చెర్వుయిష్ అనే ఒక చమకోకో మనిషిని వెంట తీసుకెళ్ళాడు, రోగం ఏమిటో అక్కడి డాక్టర్ల చేత కనిపెట్టించాలని. చూడండి, చాకో అడవి నుంచి ప్రాగ్ నగరానికి! మంచు తెలియదు, భాష తెలియదు. నేను ఆరో తరగతిలో మొదటిసారి హాస్టల్‌కి వచ్చినప్పుడు వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, మాది కొండ మీద ఊరు, నాకు తెలుగు సరిగా రాదు. చెర్వుయిష్‌కి ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించగలను.

ప్రాగ్‌లో డాక్టర్లు పరీక్షలు చేసి కారణం తేల్చారు. కొంకిపురుగు. పేగుల్లో కొంకిలా పట్టుకుని రక్తం తాగే పురుగు. ఫ్రిచ్ మందు తీసుకుని 1909లో చెర్వుయిష్‌తో కలిసి చాకోకి తిరిగి వెళ్ళాడు, అక్కడివాళ్ళకు వైద్యం జరిగింది.

ఈ భాగం చదివినప్పుడు నాకు చెయ్యి ఆగిపోయింది. ఏడో తరగతిలో నేను అలాగే ఉండేవాణ్ణి. పెద్ద తరగతుల వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, నన్ను "నిద్రమొహం" అనేవారు. ప్రేయర్‌లో నిలబడితే కళ్ళు తిరిగేవి. పరిగెత్తలేను, పాఠం ఎక్కదు. బద్ధకం అని అందరూ అన్నారు, నేను కూడా బద్ధకమే అనుకున్నాను. ఆసుపత్రిలో రక్తం చూస్తే హిమోగ్లోబిన్ 7 గ్రాములు ఉంది. డాక్టరమ్మ గారు నా కాళ్ళ వంక చూసి "చెప్పులు వేసుకోవా?" అని మాత్రం అడిగారు. అసలు సంగతి ఏమిటంటే, ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్రలు ఇస్తారు కదా, 2016 నుంచి దేశమంతా ఇస్తున్నారు, ఆ ఏడాది నేను మాత్రను దవడలో దాచుకుని కుళాయి వెనక ఉమ్మేశాను. నమిలితే కడుపులో తిప్పుతుందని ఎవరో చెప్పారు. నాలాగే ఉమ్మేసినవాళ్ళు ఇంకా ఉన్నారు, పేర్లు రాయను.

కొంకిపురుగు నోటి ద్వారా కాదు, ఎక్కువగా కాలి ద్వారా వస్తుంది. మలంలో గుడ్లు పడతాయి, తడి మట్టిలో పిల్లపురుగులు అవుతాయి, వట్టి కాళ్ళతో తొక్కితే చర్మం తొలుచుకుని రక్తంలోకి పోతాయి. రక్తంలోంచి ఊపిరితిత్తులకు, అక్కణ్ణుంచి గొంతులోకి, మింగితే పేగుల్లోకి. ఎంత దూరం ప్రయాణం చేస్తుందో చూడండి. ఆల్బెండజోల్ మాత్ర ఒకటి నమిలితే చస్తుంది. కాని వట్టి కాళ్ళతో తిరిగితే మళ్ళీ వస్తుంది. వార్డెన్ సార్‌కు ఒక విన్నపం. మరుగుదొడ్ల వెనక నీళ్ళు నిలిచే చోట రెండు బండలు వేయిస్తే రాత్రిపూట చెప్పులు దొరకనివాళ్ళు కూడా మట్టి తొక్కకుండా పోవచ్చు. బండలు నదిగట్టు నుంచి మేమే మోసుకొస్తాం.

ఫ్రిచ్ గురించి ఇంకొక్కటి చెప్పి మొక్క దగ్గరికి వస్తాను. 1908లోనే వియన్నా నగరంలో పెద్ద పండితుల సభలో ఈయన లేచి, దక్షిణ బ్రెజిల్‌లో తెల్లవాళ్ళ వలస గ్రామాల దగ్గర గిరిజనులను వేటాడి చంపుతున్నారని బయటపెట్టాడు. చాలామందికి కోపం వచ్చింది. చివరికి ఆయన 1944లో చనిపోయింది పులి వల్లా కాదు, పాము వల్లా కాదు. ఇంట్లో కుందేళ్ళ గూడు దగ్గర తుప్పు మేకు గీరుకుని ధనుర్వాతం వచ్చింది. మనకు పదేళ్ళప్పుడూ పదహారేళ్ళప్పుడూ సూది వేస్తారు కదా, అది దీనికే.

ఇక ఎర్ర రంగు సంగతి. 1941లో జపాన్‌లో వతనబె అనే నర్సరీ యజమాని ఈ జాతి విత్తనాలు వేల కొద్దీ చల్లాడు. పచ్చటి మొలకల మధ్య ఎర్ర మొలకలు ఒకటి రెండు కనిపించాయి. వాటిలో పత్రహరితం లేదు. మామూలుగా మొక్కల్లో పత్రహరితం ఆకుపచ్చగా ఉండి మిగతా రంగుల్ని కప్పేస్తుంది. అది పోతే లోపల దాగి ఉన్న ఎరుపు బయటపడుతుంది. ఆ ఎరుపు బీట్‌రూట్‌లో ఉండే రంగు జాతిదే. చూడటానికి అందంగా ఉంది, కాని పత్రహరితం లేని మొక్కకు కిరణజన్య సంయోగక్రియ లేదు, అంటే అన్నం లేదు. విత్తనంలో ఉన్న కాస్త ఆహారం అయిపోగానే ఆ మొలక చచ్చిపోవాలి. వతనబె ఏం చేశాడంటే, చావకముందే దాన్ని కోసి పచ్చటి ఇంకో కాక్టస్ మీద అంటు కట్టాడు. అది బతికింది, పిలకలు వేసింది. ఆ పిలకల్ని మళ్ళీ అంటు కట్టారు. అలా ప్రపంచమంతా పాకింది. జపాన్‌లో దీన్ని హిబోతన్ అంటారు. ఇప్పుడు దక్షిణ కొరియాలో షెడ్లలో పెద్ద ఎత్తున పెంచి ఓడలకెక్కిస్తున్నారు. ఎరుపే కాదు, పసుపు, నారింజ, గులాబీ రంగులు కూడా ఉన్నాయి. దీని దగ్గరి చుట్టం ఫ్రీడ్రికీ అనేది ఒకటుంది, ఈ రంగు మొక్కలు దాని సంతానమే అని కొందరంటారు. కొందరేమో రెండూ ఒకటే అంటారు. ఆ తగువు పండితులకు వదిలేద్దాం.

అడవి మొక్కల వ్యాపారం మీద దేశాల మధ్య సైటిస్ అనే ఒప్పందం ఉంది, 1975 నుంచి అమల్లో ఉంది. కాక్టస్ కుటుంబం దాదాపు అంతా దాని కింద వస్తుంది, కాగితాలు లేకుండా సరిహద్దు దాటించకూడదు. కాని పత్రహరితం లేకుండా అంటు కట్టిన మన ఎర్రబుర్రకు మాత్రం పేరు పెట్టి మరీ మినహాయింపు ఇచ్చారు. ఎందుకంటే అది అడవిలో ఉండదు, మనిషి చేతిలోనే ఉంటుంది. పరాగ్వేలోని అసలు పచ్చ మొక్కకు ఆ మినహాయింపు లేదు. దానికి అసలు ముప్పు కూడా వ్యాపారం ఒక్కటే కాదు. పశువుల మేత కోసం చాకో అడవిని బుల్‌డోజర్లతో కొట్టేస్తున్నారు. పైన పొద పోతే కింద మొక్క ఎంతకాలం ఉంటుంది?

కింద ఉన్న పచ్చ కాండం ఏమిటో తెలుసా? డ్రాగన్ ఫ్రూట్ తీగ! మన రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు రైతులు రాతి స్తంభాలకు పాకించి పెంచుతున్నారే, ఆ జాతే. అది తొందరగా పెరుగుతుంది, ముక్క గుచ్చినా వేరు వేస్తుంది, అందుకని వేరుమూలంగా వాడతారు. కాని దానికి చలి గిట్టదు. పది డిగ్రీల లోపుకి పోతే బాధపడుతుంది. కాబట్టి పాడేరు, లంబసింగి వైపు మిత్రులు సంక్రాంతికి తీసుకెళ్తే రాత్రి బయట పెట్టొద్దు, పొయ్యి ఉన్న గదిలో గోడ వారగా పెట్టండి.

ఇప్పుడు నా తప్పు రాయాలి. రాయకుండా తప్పించుకుందామని మొదటి చిత్తుప్రతిలో వదిలేశాను. మాస్టారు చదివి ఏమీ అనలేదు, కాగితం తిరిగి ఇచ్చేశారు.

ఆగస్టు నెలలో మొక్క కింది కాండం గోధుమరంగుకు తిరిగింది. నొక్కితే ఉడికిన వంకాయలా మెత్తగా ఉంది, వాసన. నాకు కోపం వచ్చింది. ఆరో తరగతి తమ్ముళ్ళు రోజూ గ్లాసులతో నీళ్ళు పోస్తుంటే రెండుసార్లు చూశాను, అందుకని కుళ్ళబెట్టింది వాళ్ళేనని వార్డెన్ సార్‌కు చెప్పాను. ముగ్గురు తమ్ముళ్ళు రెండు రోజులు సాయంత్రం ఆట మానేసి గ్రౌండులో చెత్త ఏరారు. ఒకడు ఏడ్చాడు. తరవాత ఆదివారం మొక్కను పీకి చూస్తే కుండీ అడుగున చెంబుడు నల్లటి నీళ్ళు ఉన్నాయి. కుండీకి చిల్లు లేదు. నర్సరీ కుండీ పగిలిందని జూలైలో పెయింటు డబ్బాలోకి మార్చింది నేనే. చిల్లు పెట్టాలని తెలుసు, మేకు దొరక్క తరవాత పెడదామనుకుని మర్చిపోయాను. తమ్ముళ్ళు పోసింది గుక్కెడు నీళ్ళు. చిల్లున్న డబ్బాలో అయితే ఆ నీళ్ళు కారిపోయేవి. అప్పుడే వెళ్ళి చెప్పాల్సింది. రెండు నెలలు చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను, వార్డెన్ సార్ కూడా చదువుతారు. ఆ ముగ్గురికీ విడిగా చెప్పాను. ఏడ్చినవాడు "పర్లేదన్నా, నాక్కూడా అంటు కట్టడం నేర్పిస్తావా" అన్నాడు.

కుళ్ళు పైకి పాకకముందే ఎర్ర బుర్రను కోసి కాపాడాలి. కొత్త బ్లేడు తెచ్చి, దీపం మంట మీద కాల్చి చల్లార్చి, కుళ్ళు కనబడని చోట అడ్డంగా కోశాం. కోసిన చోట తెల్లటి కండ, మధ్యలో చిన్న గుండ్రటి వలయం కనబడుతుంది. ఆ వలయమే ప్రాణం. నీళ్ళూ ఆహారమూ మోసే నాళికాపుంజాలు అందులో ఉంటాయి. వలయంలో ఒక్క గోధుమ చుక్క ఉన్నా కుళ్ళు అక్కడిదాకా వచ్చినట్టే, ఇంకొంచెం పైకి కొయ్యాలి. మేము మూడుసార్లు కోశాం. నిమ్మకాయ ఉసిరికాయ అయింది.

వేరుమూలానికి మాస్టారు తెలిసిన రైతు దగ్గర్నుంచి వేళ్ళు పాతుకున్న డ్రాగన్ ముక్కలు మూడు తెచ్చారు. ఒకదాన్ని నిటారుగా పెట్టి పై కొన తీసేశాం. మూడు అంచుల మూలల్ని పెన్సిల్ చెక్కినట్టు ఏటవాలుగా చెక్కాలి. ఎందుకంటే కోసిన కండ ఆరుతూ కుంచించుకుపోతుంది, అంచు తోలు మాత్రం గట్టిగా అలాగే నిలబడి పైముక్కను ఎత్తేస్తుంది. చివరగా రెండింటినీ మళ్ళీ పల్చటి పొర తీసి, తడి ఆరకముందే ఒకదాని మీద ఒకటి పెట్టాలి. వలయం మీద వలయం రావాలి. రెండు వలయాలు ఒకే సైజులో ఉండవు, అలాంటప్పుడు నడిమికి నడిమి పెట్టకుండా కొంచెం పక్కకు జరిపితే ఎక్కడో ఒకచోట కలుస్తాయి. తరవాత కుండీ అడుగు నుంచి బుర్ర మీదుగా రబ్బరు బాండ్లు రెండు ప్లస్ గుర్తులా వెయ్యాలి. గట్టిగా వేస్తే కోసుకుపోతుంది, వదులైతే జారుతుంది. వేలితో మెల్లగా అదిమినంత బిగువు చాలు. వారం పది రోజులు నీడలో పెట్టి, కోసిన చోట చుక్క నీరు తగలకుండా చూసుకోవాలి.

మా అంటు మూడో రోజే పోయింది. కారణం కుతూహలం. అతుక్కుందా లేదా అని రబ్బరు బాండు ఎత్తి చూశారు. ఎవరని అడగను, మొదట ఎత్తింది నేనే. ముక్క జారిపోయి ఎండిపోయింది. మళ్ళీ కోసి పెట్టాం, ఈసారి పెద్ద బుర్ర నల్లబడి చచ్చిపోయింది. అదృష్టం ఏమిటంటే, మొదటి రోజే మాస్టారు బుర్ర పక్కనున్న రెండు పిలకల్ని, ఒక్కోటి బఠాణీ గింజంత, తీసి మిగిలిన రెండు డ్రాగన్ ముక్కల మీద పెట్టించారు. వాటిలో ఒకటి ఊడిపోయింది. ఇంకొకటి పన్నెండో రోజు బాండు తీస్తే అంటిపెట్టుకునే ఉంది, నెల తరవాత మధ్యలో కొత్త ముళ్ళు, లేత ఎరుపు. ఇప్పుడు కిటికీలో మీరు చూస్తున్నది అదే. రేగుపండంత ఉంది.

పెంచాలనుకునేవాళ్ళకు నాకు తెలిసింది చెబుతాను. మట్టి జిగురుగా ఉండకూడదు. నేను ఏటి ఇసుక రెండు పాళ్ళు, బాగా మాగిన ఆకుఎరువు ఒక పాలు, ఇటుక చిన్నముక్కలు గుప్పెడు కలిపాను. సన్న ఇసుక వద్దు, తడిస్తే గట్టిపడుతుంది. డబ్బా అడుగున చిల్లులు మూడు, ఇంకేమీ గుర్తులేకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. మట్టి అడుగుదాకా ఆరాక మాత్రమే నీళ్ళు. ఆరిందో లేదో తెలియకపోతే చీపురుపుల్ల గుచ్చి తీయండి, మట్టి అంటుకుంటే ఇంకా ఆగాలి. ఎండాకాలం వారానికి ఒకసారి, చలికాలం నెలకు ఒకసారి కూడా చాలు. వానాకాలం గాలిలోనే తడి ఉంటుంది, అసలు ప్రమాదం అప్పుడే. పొద్దుటి ఎండ రెండు గంటలు తగిలి, తరవాత వెలుతురుండే నీడ కావాలి. ఎర్రబుర్రకు వెలుతురు అక్కర్లేదు కదా అనుకోకండి, కింద వండేవాడికి కావాలి. ముళ్ళ సందున తెల్లటి పిండిలాంటిది కనబడితే పిండినల్లి, పాత టూత్‌బ్రష్‌కు సబ్బునీళ్ళు అద్ది తుడిస్తే పోతుంది.

పచ్చటి అసలు జాతి విత్తనాలు ఎవరికైనా దొరికితే అంటు అక్కర్లేదు, సొంత వేళ్ళ మీదే బతుకుతుంది. విత్తనాలు ఆవగింజ కంటే చిన్నవి. పూడ్చకూడదు, తడి ఇసుక మీద చల్లి పైన పాలిథిన్ కప్పాలి. పూలు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఒక్క మొక్క పూసినా కాయ కాయదు, తన పుప్పొడి తనకు పనిచెయ్యదు, పక్కన రెండో మొక్క ఉండాలి.

ఒక సందేహం చాలామంది అడిగారు, ఆకులు లేకుండా ఊపిరి ఎలా అని. కాక్టస్ కాండమే ఆకు పని చేస్తుంది. పైగా పగలు రంధ్రాలు మూసుకుంటుంది, నీరు ఆవిరైపోకుండా. రాత్రి చల్లబడ్డాక తెరిచి బొగ్గుపులుసు వాయువు పీల్చుకుని ఆమ్లంగా దాచుకుంటుంది. పొద్దున్న వెలుతురు వచ్చాక తలుపులు మూసుకుని లోపల వండుకుంటుంది. మా గదిలో అర్ధరాత్రి దాచుకున్న బిస్కెట్లు తినేవాడు ఒకడున్నాడు, వాడికి ఈ పేరు పెట్టాం.

ఇలా అంటు కట్టిన మొక్క కొన్నేళ్ళే ఉంటుందట. కింది కాండం ముసలిదైపోతుంది, లేదా పైదాన్ని మోయలేకపోతుంది. అప్పుడు మళ్ళీ పిలక తీసి కొత్తదాని మీద కట్టాలి. నేను వచ్చే మార్చిలో పరీక్షలు రాసి వెళ్ళిపోతాను. మొక్క ఇక్కడే ఉంటుంది. నీళ్ళు పోసే బాధ్యత ఆరో తరగతి ముగ్గురికీ అప్పజెప్పాను, శనివారం ఒక్కరోజే, పుల్ల గుచ్చి చూశాకే. మిగతావాళ్ళు దయచేసి పొయ్యొద్దు, గిచ్చొద్దు. డిసెంబరు సెలవుల తరవాత పక్కన పిలక వస్తే ఆదివారం మధ్యాహ్నం అంటు కట్టి చూపిస్తాం. చూడాలనుకునేవాళ్ళు రబ్బరు బాండ్లు తెచ్చుకోండి, నా దగ్గర అయిపోయాయి.

ఇట్లు,
పదో తరగతి, సైన్సు మూల